ఆపరేషన్ తర్వాత ఏడాది: ఊపిరితిత్తుల క్యాన్సర్ అంచనా మోడల్, ప్రాజెక్టు డైరీ

శనివారం: డేటా దించుకున్నాను

ఊపిరితిత్తుల క్యాన్సర్ తొలి దశలో దొరికి, మనిషి ఆపరేషన్‌ను తట్టుకోగలిగితే, ఆ భాగాన్ని కోసి తీసేయడమే ఇప్పటికీ ప్రధానమైన వైద్యం. చాలామంది కోలుకుని మామూలు జీవితంలోకి వెళ్లిపోతారు. కొందరి విషయంలో మాత్రం ఆపరేషన్ బాగానే జరిగినా ఏడాది తిరక్కుండానే పరిస్థితి చెయ్యి దాటిపోతుంది. ఆ కొందరిని ముందే గుర్తుపట్టడానికి మెషీన్ లెర్నింగ్ ఎంతవరకు పనికొస్తుందో స్వయంగా చేసి తెలుసుకోవాలని ఈ ప్రాజెక్టు మొదలుపెట్టాను.

నాది డేటా పని. వైద్యం సంగతులకు మా పెద్దమ్మ కూతురు అండగా ఉంది. తను హైదరాబాద్‌లో థొరాసిక్ సర్జన్, అంటే ఛాతీ ఆపరేషన్లు చేసే డాక్టర్. కింద అక్క అని రాసినచోటల్లా తనే.

డేటా యూసీఐ మెషీన్ లెర్నింగ్ రిపాజిటరీలోది. పోలెండ్‌లోని వ్రోత్స్వాఫ్ నగరంలో 2007 నుంచి 2011 మధ్య, ఊపిరితిత్తుల్లోనే పుట్టిన క్యాన్సర్‌కి పెద్ద ఆపరేషన్ చేయించుకున్న 470 మంది వివరాలు అందులో ఉన్నాయి. వార్సాలోని టీబీ, ఊపిరితిత్తుల జబ్బుల సంస్థ నడిపే జాతీయ రిజిస్ట్రీలో ఇదొక భాగం. పేర్లు, ఊర్లు ఏమీ ఉండవు. ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. మీరూ చేసి చూడాలనుకుంటే ఫైల్ ఏఆర్‌ఎఫ్‌ఎఫ్ ఫార్మాట్‌లో వస్తుంది, పైథాన్‌లో సైపై లైబ్రరీతో తెరుచుకుంటుంది.

ఒక్కొక్కరికి 16 వివరాలు: జబ్బు కోడ్, ఊపిరి కొలతలు రెండు (ఎఫ్‌వీసీ, ఎఫ్‌ఈవీ1), రోజువారీ పనులు ఎంతవరకు చేసుకోగలరో చెప్పే జుబ్రాడ్ స్కేలు, నొప్పి, దగ్గులో రక్తం, ఆయాసం, దగ్గు, నీరసం, కణితి సైజు, టైప్ 2 షుగర్, గత ఆర్నెల్లలో గుండెపోటు, కాళ్ల రక్తనాళాల జబ్బు, పొగతాగే అలవాటు, ఆస్తమా, వయసు. చివర ఒకే ఒక్క జవాబు: ఆపరేషన్ అయిన ఏడాదిలోపు చనిపోయారా లేదా. 70 మంది చనిపోయారు, 400 మంది బతికారు.

ఈ 70 అనే అంకెను నోట్‌బుక్ పైభాగంలోనే రాసిపెట్టుకున్నాను. మోడల్ నేర్చుకునేది ప్రధానంగా ఆ 70 మంది నుంచే. 16 వివరాలకు 70 మరణాలంటే వివరానికి నాలుగు చిల్లర మాత్రమే. ఇలాంటి మోడల్‌కి వివరానికి కనీసం పదన్నా ఉండాలని స్టాటిస్టిక్స్‌లో పాత లెక్క ఒకటుంది. దాన్ని గుడ్డిగా పట్టుకోనక్కర్లేదు గానీ, పెద్ద పెద్ద న్యూరల్ నెట్‌వర్క్‌ల జోలికి వెళ్లకూడదని మాత్రం ఇక్కడే తేలిపోయింది.

ఆదివారం: ఊపిరి కొలతలు

మోడల్ కట్టే ముందు ఒక్కో కాలమ్‌నూ కళ్లతో చూడటం నాకు అలవాటు. ఈసారి అది బాగా అక్కరకొచ్చింది.

గట్టిగా గాలి పీల్చి, ఉన్న శక్తంతా పెట్టి ఊదితే మొత్తం బయటికొచ్చే గాలి ఎఫ్‌వీసీ. అందులో మొదటి సెకనులో వచ్చేది ఎఫ్‌ఈవీ1. రెండూ లీటర్లలో ఉంటాయి. మొదటి సెకనులో వచ్చేది మొత్తంలో భాగమే కాబట్టి ఎఫ్‌ఈవీ1 ఎప్పుడూ ఎఫ్‌వీసీని మించకూడదు. ఈ ఫైల్‌లో ఎఫ్‌ఈవీ1 గరిష్ఠ విలువ 86.3 ఉంది! మనిషి ఛాతీలో 86 లీటర్ల గాలి పట్టదు. అలాంటి వరుసలు కొన్ని ఉన్నాయి, అన్నీ పదుల్లోనే. మిగతావాళ్లవి మామూలు లీటర్లే.

అక్కకి ఫోన్ చేసి చదివి వినిపించాను.

"అవి పర్సెంటేజీలై ఉంటాయిరా. స్పైరోమెట్రీ రిపోర్టులో, అంటే ఈ ఊదే పరీక్ష రిపోర్టులో, లీటర్ల పక్కనే ప్రిడిక్టెడ్ పర్సెంట్ అని ఇంకో కాలమ్ ఉంటుంది, అలాంటి మనిషికి మామూలుగా ఉండాల్సినదాంట్లో ఎంత శాతం ఉందని. ఎంటర్ చేసేవాళ్లు అందులోంచి చూసి కొట్టేసి ఉంటారు."

"అయితే లీటర్లలోకి మార్చేయొచ్చా అక్కా?"

"ఎలా మారుస్తావ్? ప్రిడిక్టెడ్ లెక్కకి ఆడా మగా, ఎత్తు, వయసు కావాలి. ఉన్నాయా నీ దగ్గర?"

వయసు తప్ప ఏదీ లేదు. అందుకని ఆ విలువలను ఖాళీగా వదిలి, మిగతా వివరాల ఆధారంగా పూరించే పద్ధతి పెట్టాను. పూరించే పని కూడా మోడల్‌కి నేర్పే ట్రైనింగ్ భాగంలోనే నేర్చుకోవాలి, దాన్ని పరీక్షించడానికి పక్కన పెట్టిన టెస్ట్ భాగాన్ని తాకకూడదు. సైకిట్‌లెర్న్ అనే పైథాన్ లైబ్రరీలో పైప్‌లైన్ (పనులను వరసగా కలిపి కట్టే పద్ధతి) వాడితే ఇది దానంతటదే జరిగిపోతుంది.

ఇంకో సంగతి. ఆ విలువలను అలాగే వదిలేస్తే ఎఫ్‌ఈవీ1 సగటు 4.5 లీటర్లు దాటుతుంది. ఎఫ్‌వీసీ సగటు 3.3 దగ్గరే ఉంటుంది. సగటులు పక్కపక్కన పెట్టుకున్నా పట్టుబడే సంగతి ఇది. ఈ డేటా మీద పనిచేసే ప్రతి ఒక్కరూ ముందుగా ఈ కాలమ్ చూడాలని గట్టిగా చెబుతాను.

మంగళవారం రాత్రి: అక్క అడిగిన ప్రశ్న

డ్యూటీ అయ్యాక అక్క వీడియో కాల్‌లోకి వచ్చింది. నా కాలమ్‌ల జాబితా చూసి మొదట అడిగింది ఇదే:

"ఒరేయ్, నీ మోడల్ ఏ రోజు మాట్లాడుతుంది? ఆపరేషన్‌కి ముందు రోజా? పాథాలజీ రిపోర్టు వచ్చిన రోజా?"

ఈ రెండు రోజుల మధ్య తేడా నాకు అప్పటిదాకా ఇంత స్పష్టంగా తట్టలేదు. ముందు రోజు ప్రశ్న ఏమిటంటే, ఈ మనిషి ఆపరేషన్ తట్టుకుంటాడా, ఎంత భాగం తీస్తే ఎంత ఊపిరి మిగులుతుంది, ఆపరేషన్ బదులు రేడియేషన్ మేలా అని. రిపోర్టు వచ్చిన రోజు ప్రశ్న వేరు. క్యాన్సర్ తిరగబెట్టే ముప్పు ఎంత, కీమోనో ఇమ్యునోథెరపీనో టార్గెటెడ్ మందో ఇవ్వాలా, స్కాన్లు ఎన్నాళ్లకోసారి తీయాలి అని.

రెండో ప్రశ్నకి కావలసిన సమాచారం కోసిన ముక్క మైక్రోస్కోప్ కిందికి వెళ్లాకే తెలుస్తుంది. కణితి అసలు సైజు, లింఫ్ గ్రంథుల్లోకి పాకిందా, ఊపిరితిత్తి పైపొరను తొలుచుకుని వచ్చిందా, గాలి గదుల్లో అక్కడక్కడా కణాలు విడిగా కనిపిస్తున్నాయా (దీన్ని ఎస్‌టీఏఎస్ అంటారు, 2015 నుంచి డబ్ల్యూహెచ్‌ఓ వర్గీకరణలో ఉంది), అడినోకార్సినోమా (గ్రంథి కణాల్లో పుట్టే రకం) అయితే కణాల చెడ్డ అమరికల వాటా 20 శాతానికి చేరిందా లేదా. వీటిలో ఒక్కటి కూడా నా ఫైల్‌లో లేదు. కణితి సైజు ఉంది గానీ అది ఆపరేషన్‌కి ముందు వేసిన అంచనా. లింఫ్ గ్రంథుల సంగతి అసలే లేదు.

కాబట్టి నా మోడల్ ముందు రోజు మాట్లాడే మోడల్. ఐదేళ్ల తర్వాత క్యాన్సర్ తిరగబెడుతుందా అని దీన్ని అడగకూడదు. ఆ ప్రశ్నకి స్టేజీ ఒక్కటే చాలావరకు జవాబు చెబుతుంది. క్యాన్సర్ దశలను కణితి, లింఫ్ గ్రంథులు, ఇతర భాగాలకు పాకడం చూసి నిర్ణయించే పద్ధతి టీఎన్‌ఎం. అంతర్జాతీయ లంగ్ క్యాన్సర్ సంఘం దాని 8వ ఎడిషన్ కోసం తీసిన లెక్కల్లో, పాథాలజీ స్టేజీ ప్రకారం ఐదేళ్లు బతికినవాళ్లు ఐఏ1లో 90 శాతం, ఐఏ2లో 85, ఐఏ3లో 80, ఐబీలో 73, రెండో దశ ఏలో 65, బీలో 56. కణితి ఒక సెంటీమీటరు లోపలుంటే ఐఏ1, రెండు లోపల ఐఏ2, మూడు లోపల ఐఏ3. ఒక్కో సెంటీమీటరుకీ ఐదు శాతం మారుతోంది. తొలిదశ అని అన్నిటినీ ఒక గాటన కట్టడం ఎంత ముతక పనో ఈ వరుస చూస్తే అర్థమవుతుంది. కొత్తగా ఎవరు మోడల్ కట్టినా ముందు ఈ వరుసను ఓడించి చూపించాలి.

తర్వాత అక్క ఇంకో మెలిక పెట్టింది. "ఔట్‌కమ్ (ఫలితం) అంటున్నావ్ కదా, ఏ ఔట్‌కమ్?" అని జపాన్ ట్రయల్ ఒకటి చెప్పింది. పేరు జేసీఓజీ 0802, ఫలితాలు 2022లో లాన్సెట్‌లో వచ్చాయి. రెండు సెంటీమీటర్ల లోపు కణితులున్న 1,106 మందిని రెండు వర్గాలు చేశారు. ఒక వర్గానికి ఊపిరితిత్తిలోని తమ్మె మొత్తం తీశారు, అది లోబెక్టమీ. రెండో వర్గానికి అందులో చిన్న ఖండం మాత్రమే తీశారు, అది సెగ్మెంటెక్టమీ. చిన్న ఖండం తీసినవాళ్లలో అదే చోట క్యాన్సర్ తిరగబెట్టింది 10.5 శాతం మందికి. తమ్మె తీసినవాళ్లలో 5.4 శాతమే. అంటే తమ్మె తీయడమే మంచిదనిపిస్తుంది. కానీ ఐదేళ్లు బతికినవాళ్లు సెగ్మెంటెక్టమీలో 94.3 శాతం, లోబెక్టమీలో 91.1 శాతం!

తిరగబెట్టడం ఎక్కువ, బతకడమూ ఎక్కువ. నేను ఆ పేపర్ తెచ్చుకుని మరణాల పట్టిక చూశాను. లోబెక్టమీ వర్గంలో 83 మంది చనిపోయారు, అందులో 52 మంది ఈ క్యాన్సర్ వల్ల కాక ఇతర కారణాలతో పోయారు. సెగ్మెంటెక్టమీ వర్గంలో 58 మంది చనిపోతే ఇతర కారణాలతో పోయినవాళ్లు 27 మంది. మిగిలిన ఊపిరితిత్తి తర్వాతి జబ్బుల్ని తట్టుకునే బలం ఇచ్చి ఉండొచ్చని చాలామంది డాక్టర్లు అనుకుంటున్నారు.

నాలాంటివాళ్లకి ఇందులో సూటైన పాఠం ఉంది. తిరగబెట్టడాన్ని జవాబుగా పెట్టి మోడల్ నేర్పితే అది లోబెక్టమీ వైపు చూపిస్తుంది. మరణాన్ని జవాబుగా పెడితే సెగ్మెంటెక్టమీ వైపు. డేటా అదే, మనుషులు వాళ్లే. ఏ కాలమ్‌ను జవాబుగా ఎంచుకున్నామన్న దాన్నిబట్టి సలహా తిరగబడుతోంది. అల్గారిథమ్ ఎంపిక గురించి గంటల తరబడి వాదించుకునే మనం దీని గురించి ఎంత తక్కువ మాట్లాడతామో!

నోట్‌బుక్ పైన 70 కింద ఇంకో వాక్యం రాశాను: ఆపరేషన్‌కి ముందు తెలిసిన వివరాలతో, ఏ కారణంతోనైనా ఏడాదిలోపు మరణించే అవకాశం ఎంత. ఈ వాక్యానికి అవతలిదేదీ ఈ మోడల్ చెప్పదు.

గురువారం: కనీస కొలబద్దలు

ఎవరినీ చూడకుండా అందరూ బతుకుతారని చెప్పేసే మోడల్‌కి 470లో 400 సరిపోతాయి. అంటే 85.1 శాతం యాక్యురసీ! అందుకే యాక్యురసీ అనే కొలతనే పక్కన పెట్టేశాను.

రెండు కొలతలు పెట్టుకున్నాను. ఒకటి ఏయూసీ. చనిపోయిన ఒకరినీ బతికిన ఒకరినీ జతగా తీసుకుంటే, చనిపోయినవారికే మోడల్ ఎక్కువ ముప్పు చూపించిన జతల వంతు అది. 0.5 అంటే గుడ్డి ఊహ. రెండోది బ్రయర్ స్కోర్. మోడల్ చెప్పిన సంభావ్యతకీ జరిగినదానికీ ఉన్న తేడాను వర్గం చేసి సగటు తీస్తారు. అందరికీ కళ్లు మూసుకుని 14.9 శాతం ముప్పు అని చెప్పేస్తే ఈ డేటాలో బ్రయర్ 0.127 వస్తుంది. నా మోడల్ అంతకన్నా తక్కువ తెచ్చుకోవాలి, లేకపోతే దానివల్ల ఉపయోగం లేదు.

డేటాను ఐదు ముక్కలు చేసి, ఒక్కో ముక్కనీ వంతులవారీగా పక్కన పెట్టి మిగతావాటితో నేర్పి పరీక్షించే క్రాస్ వాలిడేషన్ పెడితే ముక్కకి 14 మరణాలే వస్తాయి. పద్నాలుగు మంది మీద కొలిచే ఏయూసీ ముక్క ముక్కకీ ఊగిపోతుంది. అందుకని ముక్కల్ని మార్చి మార్చి పదే పదే నడిపి, సగటుతో పాటు ఆ ఊగిసలాట ఎంతో కూడా రాసుకుంటున్నాను. సగటు ఒక్కటే చూపించే పేపర్ చూస్తే ఇకముందు నాకు నమ్మకం కలగదు.

శనివారం: ఆస్తమా ఉంటే ముప్పు లేదట

ఈ వారం అన్నిటికన్నా ఎక్కువసేపు ఆలోచింపజేసింది ఆస్తమా కాలమ్.

ముందు స్టాట్స్‌మోడల్స్ అనే పైథాన్ లైబ్రరీలో పెనాల్టీ లేని మామూలు లాజిస్టిక్ రిగ్రెషన్ నడిపాను. ఒక్కో వివరానికీ ఒక అంకె ఇచ్చి, అన్నీ కలిపి ముప్పు లెక్కించే పద్ధతి అది. ఏ వివరం ముప్పును ఎటు లాగుతోందో చూద్దామని. చాలావరకు అక్క ఊహించినట్టే ఉంది. కణితి పెద్దదయ్యేకొద్దీ ముప్పు పెరుగుతోంది. షుగర్, ఆయాసం, నీరసం, దగ్గులో రక్తం ఉన్నవాళ్లకి ముప్పు ఎక్కువ. కానీ ఆస్తమాకి, ఇటీవలి గుండెపోటుకి మాత్రం భారీ నెగెటివ్ అంకెలు. ఆ మోడల్ మాట నమ్మితే ఆస్తమా ఉన్నవాళ్లకి ఏడాదిలోపు మరణమే ఉండదు.

లెక్క తీస్తే, 470 మందిలో ఆస్తమా ఉన్నవాళ్లు ఇద్దరే. గుండెపోటు వచ్చినవాళ్లూ ఇద్దరే. నలుగురూ బతికారు. ఒక్క మరణం కూడా లేని చోట ఈ పద్ధతి తన అంకెను కిందికి లాక్కుంటూనే పోతుంది, ఎక్కడా ఆగదు.

1990లలో అమెరికాలో ఇలాంటిదే జరిగింది. న్యుమోనియా రోగుల్లో ఎవరు చనిపోయే ప్రమాదం ఉందో చెప్పే మోడళ్లు కడుతుంటే, ఆస్తమా ఉన్నవాళ్లకి ముప్పు తక్కువని మోడల్ నేర్చుకుంది. అసలు కారణం ఏమిటంటే, ఆస్తమా ఉన్నవాళ్లకి న్యుమోనియా వస్తే డాక్టర్లు నేరుగా ఐసీయూలో పెట్టి కంటికి రెప్పలా చూసుకున్నారు. అందుకే బతికారు. ఆ మోడల్ చెప్పినట్టు వాళ్లను ఇంటికి పంపి ఉంటే ప్రాణాలు పోయేవి. రిచ్ కారువానా అనే పరిశోధకుడు ఈ ఉదంతాన్ని 2015 నాటి పేపర్‌లో వివరంగా రాశారు.

నా డేటాలో ఇంకో సంగతి కూడా కలుస్తుంది. గుండెపోటు వచ్చి ఆర్నెల్లు కాని మనిషికి సర్జన్ అంత తేలిగ్గా ఛాతీ తెరవడు. చాలామందిని ముందే వడపోసేస్తారు. ఆ వడపోతను దాటి ఆపరేషన్ టేబుల్ దాకా వచ్చినవాళ్లు మిగతా అన్నివిధాలా గట్టిగా ఉన్నవాళ్లయి ఉంటారు. ఈ 470 మంది సర్జన్ సరే అన్నవాళ్లు. వద్దన్నవాళ్ల గురించి ఈ ఫైల్‌కి ఏమీ తెలియదు.

ఆ రెండు కాలమ్‌లూ తీసేశాను. మిగతావాటికి రిడ్జ్ పెనాల్టీ పెట్టాను, ఏ ఒక్క అంకె కూడా మరీ దూరం పోకుండా అది పట్టి ఉంచుతుంది. జబ్బు కోడ్‌లలో నాలుగు, రెండు, ఒకటి చొప్పున మనుషులున్నవాటిని ఒకటిగా కలిపేశాను.

సోమవారం: బ్యాలెన్స్ చేయడం వల్ల వచ్చే ముప్పు

చనిపోయినవాళ్లు తక్కువ, బతికినవాళ్లు ఎక్కువ. ఇలాంటి డేటా కనిపించగానే ఎక్కువమంది చేసే పని బ్యాలెన్స్ చేయడం. స్మోట్ అనే పద్ధతితో, చనిపోయినవాళ్ల వివరాలకు దగ్గరగా కృత్రిమ మనుషులను తయారుచేసి కలుపుతారు. ఆ కలిపే పని డేటాను ట్రైన్, టెస్ట్ అని విడదీయకముందే చేస్తే, టెస్ట్‌లో ఉన్న మనిషికి దాదాపు కవలలాంటి కృత్రిమ మనిషి ట్రైనింగ్‌లోకి చేరిపోతాడు. స్కోరు ఆకాశాన్నంటుతుంది. ఇదే డేటా మీద 90 శాతం దాటిన ఫలితం కనిపిస్తే ముందు ఆ వరస చూడండి.

సరైన వరసలో చేసినా నాకు ఇంకో అభ్యంతరం ఉంది. తక్కువగా ఉన్న మరణాలకు ఎక్కువ బరువిచ్చే క్లాస్ వెయిట్ బ్యాలెన్స్‌డ్ అనే సెట్టింగ్ పెట్టి నడిపాను. ఏయూసీ దాదాపు కదల్లేదు. కానీ మోడల్ చెప్పే సగటు ముప్పు 15 శాతం దగ్గర ఉండాల్సింది 50 శాతం చుట్టూ వచ్చి కూర్చుంది. బతికినవాళ్లూ చనిపోయినవాళ్లూ సమానంగా ఉన్నారని మనమే దానికి చెప్పాం కదా, అది అదే నమ్మింది.

ఈ అంకె ఎక్కడికి వెళుతుందో ఆలోచించండి. ఓ పెద్దాయన, పక్కన కొడుకు, ఎదురుగా డాక్టర్. ఏడాదిలోపు ప్రాణాపాయం నూటికి పదిహేను అని చెబితే వాళ్లు ఇంటికెళ్లి మాట్లాడుకుని ఆపరేషన్‌కి ఒప్పుకోవచ్చు. నూటికి యాభై అని చెబితే ఆ టెన్షన్‌కే ఆపరేషన్ వద్దనుకుని, నయమయ్యే జబ్బును వదిలేసుకోవచ్చు. కాగితం మీద స్కోరు అందంగా కనిపించడం కోసం మనిషికి తప్పుడు భయం పెట్టే పని నేను చేయలేను. అందుకే బ్యాలెన్స్ చేయడం పూర్తిగా మానేశాను. అవసరమైతే హెచ్చరిక ఇవ్వాల్సిన గీతను కిందికి దించుకోవచ్చు, సంభావ్యతను మాత్రం ఉన్నదున్నట్టే ఉంచాలి.

కాలిబ్రేషన్ గీశాను. మోడల్ ఇచ్చిన ముప్పు ప్రకారం మనుషులను గుంపులు చేసి, ఒక్కో గుంపులో నిజంగా ఎందరు చనిపోయారో పక్కన పెట్టాను. తక్కువ ముప్పు గుంపుల్లో బాగానే అతికింది. పై గుంపులో మోడల్ కాస్త అతిగా చెబుతోంది. పెనాల్టీ ఇంకొంచెం పెంచితే ఆ అతి తగ్గింది.

బుధవారం: ఫలితం, దాని పరిమితి

రిడ్జ్ లాజిస్టిక్ ఏయూసీ 0.6కీ 0.7కీ మధ్య నిలిచింది. ఇంకాస్త క్లిష్టమైన రాండమ్ ఫారెస్ట్, గ్రేడియెంట్ బూస్టింగ్ పద్ధతులు కూడా నడిపాను. ఏదీ దీన్ని దాటలేదు. బ్రయర్ స్కోర్ 0.127 కన్నా కొద్దిగా మాత్రమే తక్కువ. అంటే ఈ వివరాల్లో కొంత సమాచారం ఉంది, ఒక మనిషి విషయంలో నిర్ణయం మార్చేంత లేదు.

అక్కకి చూపించాను. తను నిరాశపడలేదు. "ఈ పదహారింటితో నేను చూసినా అంతకన్నా ఎక్కువ చెప్పలేనురా. నేను చూసేవి ఇందులో లేవు కదా" అంది.

ఏం లేవో ఇద్దరం కూర్చుని రాశాం. అసలు ఏ ఆపరేషన్ చేశారో లేదు. తమ్మె తీయడం వేరు, ఒకవైపు ఊపిరితిత్తి మొత్తం తీయడం వేరు. సర్జన్లు వాడే లెక్క ఒకటుంది. రెండు ఊపిరితిత్తుల్లో కలిపి 19 ఖండాలు, కుడివైపు 10, ఎడమవైపు 9. కుడి పైతమ్మెలో మూడు. ఒకరి ఎఫ్‌ఈవీ1 2 లీటర్లు ఉందనుకుందాం. కుడి పైతమ్మె తీస్తే మిగిలేది 2 ఇంటూ 16 బై 19, సుమారు 1.68 లీటర్లు. అదే కుడి ఊపిరితిత్తి మొత్తం తీస్తే 0.95. నా మోడల్‌కి ఈ రెండు ఆపరేషన్లూ ఒక్కటే, ఎందుకంటే దాని దగ్గర ఉన్నది ఆపరేషన్‌కి ముందు కొలత మాత్రమే.

గాలి గదుల నుంచి రక్తంలోకి వాయువు ఎంత బాగా చేరుతుందో చెప్పే డీఎల్‌సీఓ పరీక్ష లేదు. ఊదడం బాగానే ఉండి ఇది పడిపోయినవాళ్లు ఉంటారు, వాళ్లే మోసం చేసే రోగులని అక్క అంటుంది. ఎఫ్‌ఈవీ1, డీఎల్‌సీఓ రెండూ ఆపరేషన్ తర్వాత మామూలుగా ఉండాల్సినదాంట్లో 60 శాతానికి పైగా మిగులుతాయని లెక్క వస్తే ఇంకే పరీక్షా అక్కర్లేదని 2013 నాటి అమెరికన్ మార్గదర్శకాలు చెబుతాయి. అంతకన్నా తగ్గితే నడిపించో మెట్లెక్కించో చూడాలి. ఆగకుండా 22 మీటర్ల ఎత్తు మెట్లెక్కగలిగితే ముప్పు తక్కువ. యంత్రాలేమీ అక్కర్లేని ఈ మెట్ల పరీక్ష, అక్క రోగుల కోసం మేం తయారుచేయాలనుకున్న ఫారంలో తప్పక ఉండాలని అప్పుడే అనుకున్నాం.

ఇంకా, ఆడా మగా లేదు. ఎత్తూ బరువూ లేవు. రికార్డు చేసిన సంవత్సరం కూడా లేదు, అది కూడా ముఖ్యమే. టీఎన్‌ఎం 7వ ఎడిషన్ 2010లో అమల్లోకి వచ్చి కణితి సైజుల గీతలను మార్చింది. ఈ డేటా 2007 నుంచి 2011 దాకా. ఫైల్‌లో సైజు నాలుగు మెట్లలో ఉంది. 470లో 434 మంది మొదటి రెండు మెట్లలోనే ఉన్నారు. కానీ 2008లో రెండో మెట్టూ 2011లో రెండో మెట్టూ ఒకటేనా అన్నది సంవత్సరం తెలియకుండా తేల్చలేం.

బయట ఇదివరకే ఉన్న స్కోర్లనూ చూశాను. థొరాకోస్కోర్ అని ఫ్రాన్స్‌లో 15 వేలకు పైగా రోగుల రికార్డుల నుంచి 2007లో వచ్చింది. వయసు, ఆడా మగా, ఆయాసం, ఏ ఆపరేషన్ లాంటి తొమ్మిది వివరాలతో ఆసుపత్రిలో ఉండగా మరణించే ముప్పు చెబుతుంది. అక్కడ బాగా పనిచేసింది. తర్వాత బ్రిటన్‌లో పరీక్షిస్తే అంత బాగా పనిచేయలేదు. వేల మంది మీద కట్టినదే పక్క దేశంలో తడబడితే, 470 మంది మీద కట్టినదాన్ని హైదరాబాద్ తెచ్చి వాడే ఆలోచన నాకు లేదు.

ఎత్తు లేకపోవడం మనకి నేరుగా తగిలే సంగతి. మోడల్ లీటర్లలో చూస్తుంది. ఐదడుగులు కూడా లేని అరవయ్యేళ్ల మన పల్లెటూరి ఆవిడకి ఎఫ్‌వీసీ 2 లీటర్లు ఉంటే అది మామూలే. పోలెండ్ లెక్కలతో నేర్చిన మోడల్ మాత్రం ఆవిడ ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయనుకుంటుంది.

ఆదివారం: మన ఫారం

ఈ ప్రాజెక్టు రెండో భాగం ఇక్కడ మొదలవుతోంది. అక్క పనిచేసే విభాగంలో ఇకముందు ఆపరేషన్ అయ్యే రోగుల వివరాలు, వాళ్లు ఒప్పుకుంటే, ఒక పద్ధతిలో రాసిపెట్టాలి. అందుకు ఫారం తయారుచేస్తున్నాం.

వ్రోత్స్వాఫ్ ఫైల్‌లో లేనివన్నీ మొదట చేర్చాం. ఊపిరి కొలతలు లీటర్లకి ఒక గడి, శాతానికి ఇంకో గడి, ఎఫ్‌ఈవీ1 ఎఫ్‌వీసీని మించితే ఫారం తీసుకోదు. ఆడా మగా, ఎత్తు, బరువు. డీఎల్‌సీఓ. ఎక్కిన మెట్ల ఎత్తు. చేయాలనుకున్న ఆపరేషన్, చేసిన ఆపరేషన్ వేర్వేరు గడుల్లో. టీఎన్‌ఎం ఏ ఎడిషనో. పాథాలజీ వివరాలు విడిగా ఇంకో పేజీలో, ఆపరేషన్‌కి ముందు మాట్లాడే మోడల్ వాటిని పొరపాటున కూడా చూడకుండా.

మన రోగుల కోసం మరికొన్ని కావాలని అక్క పట్టుబట్టింది. గతంలో టీబీ వచ్చిందా అన్నది మొదటిది. టీబీ వచ్చి తగ్గిన ఊపిరితిత్తి ఛాతీ గోడకి అతుక్కుపోయి ఉంటుంది, విడదీయడానికి గంటలు పడుతుంది, రక్తం పోతుంది. దాని పక్కనే ఇంకో గడి: ఇప్పటి మచ్చకి క్యాన్సర్ అని తేలకముందు టీబీ మందులు వాడారా, ఎన్ని నెలలు. ఎక్స్‌రేలో మచ్చ కనిపిస్తే మన దగ్గర మొదటి అనుమానం టీబీ మీదికే పోతుంది. ఆ నెలల్లో తొలి దశ దాటిపోయినవాళ్లను తను చాలామందిని చూసింది. ఈ మాట చెప్పేటప్పుడు అక్క గొంతులో బాధ నాకు తెలిసింది. దేశంలో ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల్లో ఎక్కువమంది మూడు, నాలుగు దశల్లోనే ఆసుపత్రికి చేరుతున్నారు. ఆపరేషన్ దాకా రాగలిగిన కొద్దిమంది వివరాలైనా జాగ్రత్తగా రాసుకోవాలి కదా.

పొగ అలవాటుకి అవును, కాదు సరిపోవు. సిగరెట్టా, బీడీయా, చుట్టా, రోజుకెన్ని, ఎన్నేళ్లు. ఎప్పుడూ పొగతాగని ఆడవాళ్లకి కట్టెల పొయ్యి మీద ఎన్నేళ్లు వండారన్న గడి.

ఎక్కువ చర్చ జరిగింది చివరి కాలమ్ మీద. వ్రోత్స్వాఫ్ ఫైల్‌లో ఏడాదిలోపు మరణం అవునా కాదా అంతే. మన దగ్గర రోగులు ఆదిలాబాద్ నుంచో అనంతపురం నుంచో వస్తారు, ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ చేయించుకుని వెళ్లిపోతారు, ఫోన్ నంబర్ మారిపోతుంది. ఏడో నెల తర్వాత జాడ తెలియని మనిషిని బతికున్నట్టు రాస్తే లెక్క అబద్ధం, చనిపోయినట్టు రాసినా అబద్ధమే. అందుకని అవును, కాదు తీసేశాం. ఆపరేషన్ తేదీ, చివరిసారి కబురు తెలిసిన తేదీ, ఆనాటి పరిస్థితి, మరణమైతే కారణం ఈ క్యాన్సరా ఇంకొకటా. తేదీలుంటే కాక్స్ మోడల్ లాంటి పద్ధతులతో జాడ తెలియనివాళ్లు ఏడు నెలలు బతికారన్న సమాచారాన్ని ఉన్నంతవరకు వాడుకోవచ్చు. కారణం ఉంటే జపాన్ ట్రయల్‌లో చూసినట్టు తిరగబెట్టడాన్నీ మరణాన్నీ విడివిడిగా చూడొచ్చు. రోగిది కాక ఇంట్లోవాళ్లవి ఇంకో రెండు నంబర్లు తీసుకోవాలని, ఆ నంబర్లు ఆసుపత్రి రిజిస్టర్‌లోనే ఉండాలని, నా దగ్గరికి కోడ్ నంబర్ మాత్రమే రావాలని రాసుకున్నాం.

ఫారం ముసాయిదా ఇప్పుడు రెండు పేజీలుంది. పీజీ విద్యార్థి ఒకరు వార్డులో నింపి ఎంతసేపు పడుతుందో చూస్తారు. ఎక్కువసేపు పడితే కొన్ని గడులు తీసేయాలి. ఏవి తీయాలో అక్క నిర్ణయిస్తుంది. తర్వాత భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం సమ్మతి పత్రం తెలుగులో రాసి, రెండూ కలిపి ఆసుపత్రి ఎథిక్స్ కమిటీకి పెట్టాలి. సమ్మతి పత్రం రాసే బాధ్యత నాది. అనుమతి వచ్చేదాకా నా ల్యాప్‌టాప్‌లోకి ఒక్క రోగి వివరం కూడా రాదు. ఈలోగా వ్రోత్స్వాఫ్ నోట్‌బుక్‌ను శుభ్రం చేసి, ఎఫ్‌ఈవీ1 సరిచూసే కోడ్‌తో సహా అందరికీ అందుబాటులో పెడతాను.